ఇంటిపని, నవల, ఎర్రసిరా

దోహా నగరానికి దక్షిణంగా, ఇండస్ట్రియల్ ఏరియా దాపున బర్వా అల్ బరాహా అనే కార్మికుల వసతి సముదాయం ఉన్న సంగతి మన సభ్యులలో చాలామందికి తెలుసు. 50 వేల మందికి పైగా పట్టే కట్టడాలు, పక్కనే లారీలు నిలుపుకునే పెద్ద మైదానం. పోయిన చలికాలంలో ఒక శుక్రవారం సాయంత్రం అక్కడికి వెళ్ళాము. మా దగ్గర వైద్యం చేయించుకున్న ఒకాయన, జగిత్యాల వైపు పల్లె ఆయనది, టీకి పిలిచారు. నలుగురు మనుషుల గదిలో మంచం మీద కూర్చుని మాట్లాడుతూండగా ఆయన జేబులోంచి ఫోను తీసి మా చేతికిచ్చారు.

“డాక్టర్ సాబ్, మా బిడ్డ ఏడో తరగతి. ఇంటిపని జేసి పంపింది. సార్లు ఎర్రగీతలు గొట్టిన్రు. ఏం తప్పు రాసిందో జర జూసి చెప్పున్రి” అన్నారు.

చూశాము. గ్రంథాలయం నుంచి ఒక నవల తీసుకుని చదివి, అందులో నచ్చిన పాత్రకు ఉత్తరం రాయాలని ప్రాజెక్టు పని ఇచ్చారు. ఆ పిల్ల చదివింది మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ‘బారిష్టర్ పార్వతీశం’. రెండు పేజీల ఉత్తరం. అంత సామాను కొనుక్కుని సీమకు ఎందుకు బయలుదేరావని పార్వతీశాన్ని నిలదీసింది. మా బాపు దోహకు పోయేటప్పుడు ఒక్కటే సంచి పట్టుకపోయిండు, అందులో సగం మామిడికాయ తొక్కేనని రాసింది. ఓడలో నీకు భయమైందా, మా బాపుకు ఇమానంల భయమైందట గని మాతోటి చెప్పలేదని రాసింది. ఎర్రసిరా ‘ఇమానంల’ను ‘విమానంలో’ అని దిద్దింది. ‘పోయిండు’ను ‘వెళ్ళాడు’ అని దిద్దింది. ఉత్తరంలో ‘బాపు’ అన్న మాట ఆరుచోట్ల ఉంటే ఆరుచోట్లా కొట్టివేసి పైన ‘నాన్న’ అని రాసి ఉంది.

“ఇమానం అంటే తప్పే, ఒప్పుకుంట. బాపు అంటే గూడ తప్పేనా సార్?” అని ఆయన అడిగారు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాము. మేము కృష్ణా తీరంలో పుట్టి పెరిగినవాళ్ళం. మేము ఇంట్లో మాట్లాడిన మాటే పుస్తకంలో ఉండేది, కనుక ఈ ప్రశ్న మాకు చిన్నప్పుడు ఎదురు కాలేదు. ఇంటికి వచ్చాక ఆ ప్రశ్న వదలలేదు. ఈ ఎర్రసిరా చరిత్ర ఎంత పాతదో చూద్దామని పుస్తకాలు తిరగవేశాము. తెలిసినంత మేరకు సభ్యుల ముందు ఉంచుతున్నాము.

మొదట వీధిబడి సంగతి. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ప్రతి జిల్లాలోనూ బళ్ళెన్ని, పిల్లలెందరు, ఏం చదువుతున్నారు అని కలెక్టర్లను విచారించాడు. బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో పంపిన జవాబు నేటికీ చదవదగినది. ఈయన అంతకుముందే 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసినవాడు, భాష తెలిసినవాడు. తన జిల్లాలో 533 బళ్ళు ఉన్నాయని లెక్క చెప్పాడు. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పడం చూసి తక్కువ ఖర్చుతో నడిచే మంచి పద్ధతని మెచ్చుకున్నాడు. అయితే ఒక లోటు కూడా చూపించాడు. పిల్లలు అప్పజెప్పే పద్యాల భాష వేరు, వాళ్ళు మాట్లాడే భాష వేరు. లెక్కలేనన్ని పద్యాలు వల్లిస్తారు గాని వాటి అర్థం వారికి చిలకకు తెలిసినంతే తెలుసునని అతని అభిప్రాయం. అంటే ఇంటిభాషకూ బడిభాషకూ మధ్య ఉన్న గోడను ఒక పరాయివాడు రెండువందల ఏళ్ళ కిందట కాగితం మీద పెట్టాడు.

ఆ రోజులలో ఇంటిపని అంటే అప్పజెప్పడమే. పొద్దున చెప్పిన పద్యం సాయంత్రం అప్పజెప్పాలి. సొంతంగా ఒక వాక్యం రాయమని అడిగేవారు లేరు. వచనం బడిలోకి వచ్చింది 19వ శతాబ్దం నడుమ. మద్రాసులో తెలుగు పండితులైన పరవస్తు చిన్నయసూరి 1853లో ‘నీతిచంద్రిక’ వెలువరించారు. పంచతంత్రంలోని మిత్రలాభం, మిత్రభేదం కథలు అవి. 1858లో ‘బాలవ్యాకరణం’ వచ్చింది. ఈ రెండింటి తరువాత తెలుగు బడిపిల్లవాడికి వచనం ఎలా రాయాలో ఒక కొలబద్ద దొరికింది. కథ కోసం చదివిన పుస్తకమే కొలబద్ద కూడా అయింది. ‘నీతిచంద్రిక’లో ఉన్నట్టు రాస్తే ఒప్పు, ఇంట్లో మాట్లాడినట్టు రాస్తే తప్పు.

నవల బడిలోకి రావడం ఇంకొక కథ. దీనిని తెచ్చినవాడు కూడా బడిపంతులే. గోదావరి తీరాన ఉపాధ్యాయుడుగా ఉన్న కందుకూరి వీరేశలింగం పంతులు తన ‘వివేకవర్ధని’ పత్రికలో 1878లో ‘రాజశేఖర చరిత్రము’ ప్రకటించడం ప్రారంభించారు. 1880లో పుస్తకంగా వచ్చింది. అంతకు ముందు 1872లోనే నరహరి గోపాలకృష్ణమ సెట్టి ‘శ్రీ రంగరాజ చరిత్ర’ రాశారు గాని, జనం చేతుల్లోకి ఎక్కువగా వెళ్ళినది పంతులుగారి పుస్తకమే. ఆ నవలకు మూలం ఆ రోజుల్లో ఇంగ్లీషు చదువుకున్నవారికి బాగా పరిచయమైన పుస్తకం, ఆలివర్ గోల్డ్‌స్మిత్ రాసిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’. పంతులుగారు దానిని తర్జుమా చేయలేదు. ఆ చట్రం తీసుకుని, ధవళేశ్వరాన్నీ గోదావరినీ పెట్టి, మన ఇంటి ముసలమ్మలను, జోస్యులను, దొంగ సాధువులను ప్రవేశపెట్టారు. 1887లో హచిన్సన్ అనే మిషనరీ దీనిని తిరిగి ఇంగ్లీషులోకి మార్చాడు. తెలుగు నవలను బడిలోనూ పాఠంగా చదివించారు.

నేడు మన పిల్లలకు బడిలో ఇచ్చే ప్రాజెక్టులను గుర్తు చేసుకోండి. కథను మీ ఊళ్ళో జరిగినట్టు మార్చి రాయండి, పాత్రలకు మీకు తెలిసిన మనుషుల స్వభావం ఇవ్వండి అంటారు. పంతులుగారు చేసిన పని సరిగ్గా అదే. తెలుగు నవల చాలావరకు ఒక మాస్టారు తనకు తాను ఇచ్చుకున్న ఇంటిపనిలోంచి పుట్టిందంటే ఆయనను తక్కువ చేసినట్టు కాదు.

ఇక అసలు తగవుకు వస్తాము. 1911 ప్రాంతంలో మద్రాసు రాజధానిలో స్కూలు ఫైనలు పద్ధతి వచ్చి, దేశభాషలో సొంతంగా వ్యాసం రాయడం పరీక్షలో భాగమయింది. అప్పజెప్పడం చాలదు, పిల్లవాడు తన బుర్రలోంచి తీసి రాయాలి. రాస్తే ఏ భాషలో రాయాలి? అప్పటికే పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి పంతులు, విజయనగరంలో గురజాడ అప్పారావు, విశాఖపట్నం కళాశాల అధ్యక్షులు పి. టి. శ్రీనివాస అయ్యంగారు, స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు జె. ఎ. యేట్సు కలిసి, నోటిలో ఉన్న భాషలో రాయనివ్వండని వాదిస్తున్నారు. 1912-13లో వ్యాసాన్ని గ్రాంథికంలోనైనా వ్యావహారికంలోనైనా రాయవచ్చునని ఉత్తర్వు వచ్చింది. వాడుకభాషలో రాసిన పుస్తకాలు కొన్ని పాఠ్యాలుగా కూడా వచ్చాయి. సెట్టి లక్ష్మీనరసింహం గారి ‘గ్రీకు పురాణ కథలు’ అందులో ఒకటి.

ఆ ఉత్తర్వు నిలవలేదు. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, జయంతి రామయ్య పంతులు గారి నాయకత్వాన, గట్టిగా ఎదిరించింది. సభలు, తీర్మానాలు, అర్జీలు సాగాయి. విశ్వవిద్యాలయం వారు వేసిన సంఘంలో గురజాడ తన అసమ్మతి పత్రం రాసి 1914లో ప్రకటించారు. ఆ మరుసటి సంవత్సరం నవంబరు 30న కన్నుమూశారు. వాడుకభాషకు ఇచ్చిన అనుమతి అప్పటికే పోయింది. పిల్లవాడి నోటిమాట మీద మళ్ళీ ఎర్రసిరా పడింది.

జయంతి వారిని మూర్ఖులుగా చూపడం న్యాయం కాదు. వారి వాదంలో ఒక బరువు ఉంది. గంజాం నుంచి బళ్ళారి దాకా మాట ఊరూరికీ మారుతుంది, కులకులానికీ మారుతుంది, అందరికీ తెలిసిన పుస్తకభాష ఒకటి లేకపోతే ఎవరి మాట ఎవరికి అర్థమవుతుందని వారు అడిగారు. గిడుగు వారు దీనికి చెప్పిన జవాబు శిష్ట వ్యావహారికం. చదువుకున్నవారు నలుగురిలో మాట్లాడుకునే భాషను ప్రమాణంగా తీసుకుందామన్నారు. 1919లో ‘తెలుగు’ అనే పత్రిక పెట్టి, పూర్వకవులే వాడుకమాటలు వాడారని ఉదాహరణలు గుమ్మరించారు. 1933లో ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’ అని ఒక పుస్తకం వేశారు. భిషక్కు అంటే వైద్యుడు గనుక ఆ పేరు చూసి కాస్త తడబడ్డాము. భాషకు లేని రోగం అంటగట్టి మందు వేయబోయేవారి మీద అది చురక. ఆయన 1940 జనవరి 22న పోయేనాటికి పత్రికలు, కథలు, నవలలు వాడుకభాషలోకి వచ్చేశాయి గాని బడి మాత్రం రాలేదు. పాఠ్యపుస్తకాలలోనూ పరీక్షలలోనూ వాడుకభాష నిలదొక్కుకున్నది 1960ల చివర, 1970లలో. అంటే మా నాన్నగారి తరం సగం చదువు ఒక భాషలో, సగం ఇంకొక భాషలో చదివింది.

ఇక్కడ ఒక విషయం గమనించవలసి ఉంది. ఆ గెలుపు అందరి గెలుపు కాలేదు. గిడుగు వారు శిష్టులన్నప్పుడు కళ్ళ ముందు ఉన్నది కోస్తా జిల్లాల విద్యావంతులు. ఆ వాదం నడుస్తున్న రోజులలో తెలంగాణా ఆ సభలకు వెలుపల నిజాం రాజ్యంలో ఉంది. అక్కడ పై చదువు ఉర్దూలో. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం బోధన ఉర్దూలో. తెలుగు నవల అక్కడ బడి ద్వారా రాలేదు, గ్రంథాలయం ద్వారా వచ్చింది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వెలిశాయి. 1906లో హైదరాబాదులోనే పుట్టిన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్రలు, నవలలు అచ్చువేసింది. వట్టికోట ఆళ్వారుస్వామి ఒక ఉపాధ్యాయుని ఇంట వంటపని చేస్తూ చదువు నేర్చుకున్నారు. తరువాత దేశోద్ధారక గ్రంథమాల పెట్టి ఊరూరా తిరిగి పుస్తకాలు అమ్మారు, ‘ప్రజల మనిషి’ అనే నవల రాశారు. దాశరథి రంగాచార్య 1969లో ‘చిల్లర దేవుళ్ళు’ నవలలో తెలంగాణా పలుకును పాత్రల నోట నిలబెట్టారు. కాళోజీ నారాయణరావు జీవితమంతా అడిగిన ప్రశ్న కూడా ఇదే. బడిలో నేర్పే పలుకుకూ బతుకులో పలికే పలుకుకూ ఈ ఎడం ఎందుకని. బర్వా అల్ బరాహాలో మంచం మీద కూర్చుని మమ్మల్ని అడిగిన మనిషి కాళోజీ పేరు ఎత్తలేదు. ప్రశ్న మాత్రం కాళోజీదే.

నవలా పఠనం సంగతి పూర్తి చేస్తాము. మా చిన్నతనంలో తెలుగులో వాచకం, ఉపవాచకం అని రెండుండేవి. ఇంగ్లీషులో డిటెయిల్డు, నాన్ డిటెయిల్డు. వాచకాన్ని పంక్తి పంక్తికీ అర్థం చెప్పి చదివేవారు. ఉపవాచకం కథ కోసం, ఆనందం కోసం చదవాలని దాని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. పరీక్షలో దాని మీద ఒకటో రెండో వ్యాస ప్రశ్నలు వచ్చేవి. బజారులో గైడు దొరికేది. పాత్ర స్వభావాన్ని గైడులో ఉన్న పది వాక్యాలతో తరగతి మొత్తం ఒకేలాగ రాసేది. కథ చదవకుండానే కథ మీద మార్కులు తెచ్చుకున్న తరం మాది, ఒప్పుకోక తప్పదు. క్యాంబెలు చూసిన చిలకలు మేమే.

దీనికి మందుగా వచ్చినదే ఈ ప్రాజెక్టు. అమెరికాలో విలియం కిల్పాట్రిక్ 1918లో ‘ప్రాజెక్టు పద్ధతి’ అని ఒక వ్యాసం రాశాడు. పిల్లవాడు మనసు పెట్టి, ఒక ప్రయోజనం కోసం చేసే పనిలోంచే చదువు వస్తుందన్నాడు. 1938లో లూయీ రోజెన్‌బ్లాట్ అనే ఆవిడ సాహిత్యం బోధించడం మీద పుస్తకం రాస్తూ, పుస్తకంలోని అర్థం చదివేవాడి బతుకుతో కలిసినప్పుడే పుడుతుందని వాదించింది. పాత్రకు ఉత్తరం రాయండి, పాత్ర డైరీ రాయండి, ముగింపు మార్చండి అనే ఇంటిపనులకు తాత్త్వికంగా పునాది ఇక్కడ ఉంది. మన దేశంలో 2005 జాతీయ పాఠ్యప్రణాళిక, ఆంధ్రప్రదేశ్‌లో 2011 రాష్ట్ర ప్రణాళిక దీనిని బడిలోకి తెచ్చాయి. తెలుగు వాచకంలో ప్రతి పాఠం చివర స్వీయరచన, సృజనాత్మకత, ప్రాజెక్టు పని అనే శీర్షికలు చేరాయి. కథల పుస్తకం చదివి సమీక్ష రాయడానికి మార్కులు పెట్టారు. సీబీఎస్ఈ వారు కూడా 2010లలో కొన్నేళ్ళు తొమ్మిది, పది తరగతులకు ఇంగ్లీషులో పూర్తి నవలలు పెట్టారు. తొమ్మిదిలో ‘గలివర్స్ ట్రావెల్స్’, ‘త్రీ మెన్ ఇన్ ఎ బోట్’, పదిలో ఆన్ ఫ్రాంక్ డైరీ, హెలెన్ కెల్లర్ ఆత్మకథ.

మందు మంచిదే గాని వాడకంలో తేడా వచ్చింది. ఇది ఇతరులను చూసి కాదు, మా ఇంటిని చూసి చెబుతున్నాము. మా అబ్బాయి ఇక్కడే దోహాలో ఆరవ తరగతి. అదే నెలలో వాడికి ‘ట్రెజర్ ఐలండ్’ సంక్షిప్త ప్రతి చదివి, బూట్ల డబ్బాలో ఓడ తయారుచేసి, జిమ్ పేర ఒక డైరీ పేజీ రాయమని పని ఇచ్చారు. ఓడ మేమే చేశాము. రాత్రి ఒంటిగంట దాకా అట్ట కోసి తెరచాప అతికించాము. డైరీ వాళ్ళమ్మ చెప్పింది, వాడు రాశాడు. ఒక్క తప్పు లేదు, ఎర్రసిరా చుక్క పడలేదు, పూర్తి మార్కులు వచ్చాయి. అందులో మా అబ్బాయి ఎక్కడా లేడు. వాడు ఇండియా వదిలి వచ్చినప్పుడు మూడేళ్ళవాడు. దీవి గురించి, ఓడ గురించి, ఇల్లు వదలడం గురించి వాడికి ఏమనిపించిందో మేము అడగనేలేదు.

జగిత్యాల పిల్లకు ఓడ చేసిపెట్టేవారు లేరు. తండ్రి ఇక్కడ, తల్లి బీడీల పనిలో. కుటుంబాన్ని తెచ్చుకునేంత జీతం ఆయనకు లేదు, రెండేళ్ళకొకసారి సెలవు. అందువల్ల ఆ పిల్ల తానే చదివింది, తానే రాసింది. ఒక నవ్వుల పుస్తకం చదువుతూ నవ్వుల మధ్య తన తండ్రి సంచిని చూసింది. రోజెన్‌బ్లాట్ చెప్పింది ఇదే. కిల్పాట్రిక్ చెప్పింది ఇదే. ఆ పిల్ల చదివిన నవల మాత్రం ఏ భాషలో ఉంది? మొగలితుర్రు కుర్రవాడి నోటిమాటలో. 1920లలో ఆ పలుకును పుస్తకంలోకి ఎక్కించడానికి ఎందరో పోట్లాడారు కనుకనే అది మనకు నవ్వు తెప్పిస్తున్నది. పార్వతీశం తన ఊరి మాట మాట్లాడితే సాహిత్యం, ఆయనకు ఉత్తరం రాసిన పిల్ల తన ఊరి మాట మాట్లాడితే తప్పు అనడం ఏ లెక్క?

ఆ మాస్టారిని నిందించడం మా ఉద్దేశం కాదు. ఆయన చేతిలో ఉన్న కొలబద్ద ఆయన చేసినది కాదు. పది మంది పరీక్షకులు దిద్దే చోట పిల్లకు మార్కులు పోకూడదనే బహుశా ఆయన దిద్దారు. జయంతి వారి భయం ఆయనలోనూ ఉంది, ఆ భయానికి కారణమూ ఉంది. దరఖాస్తు రాయాలన్నా, ఉద్యోగ పరీక్ష రాయాలన్నా నలుగురికీ తెలిసిన తెలుగు ఆ పిల్లకు రావాలి. అయితే దరఖాస్తు వేరు, తండ్రిని తలచుకుని రాసే ఉత్తరం వేరు.

మా వృత్తిలో ఒక అనుభవం చెబుతాము. రోగి వచ్చి ‘కడుపుల దేవినట్టు అయితుంది’ అంటాడు. ఆ మాట అలాగే వినాలి. ‘వికారమా? వాంతి వచ్చేలా ఉందా?’ అని మన మాట అతని నోట్లో పెడితే, పాపం, డాక్టరుగారు చెప్పారు గదా అని అవునంటాడు. రోగం తప్పిపోతుంది. ముందు అతని మాట రాసుకుని, పక్కన మన మాట రాసుకోవడం మంచి పద్ధతి. దిద్దడం కూడా ఇలాగే ఉండవచ్చునని మాకు తోస్తుంది. ‘బాపు’ను కొట్టివేయనక్కరలేదు. పక్కన అంచులో ‘కొన్ని జిల్లాలలో నాన్న అంటారు’ అని రాస్తే ఆ పిల్లకు రెండు మాటలు వచ్చేవి. కొట్టివేస్తే వచ్చేది ఒక్కటే, పోయేది ఇంకొకటి.

మన సంఘం ఏటా ఆగస్టు 29న గిడుగు వారి జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటుంది. సెప్టెంబరు 9 కాళోజీ జయంతి, 2014 నుంచి తెలంగాణా భాషా దినోత్సవం. రెండింటి మధ్య పదకొండు రోజులే. ఒక సభకు ఒకరు, ఇంకొక సభకు ఇంకొకరు వస్తున్నారు. ఇద్దరూ అడిగినది ఒకటే అని ఇంతవరకు చెప్పిన చరిత్ర వల్ల తేలుతున్నది కనుక, ఈ ఏడు ఆ పదకొండు రోజులలో ఒక శుక్రవారం బర్వా అల్ బరాహా మిత్రులతో కలిసి ఒకే సభ జరుపుదామని మనవి. ఉపన్యాసాలు తగ్గించి, వారి పిల్లలు ఊళ్ళనుంచి పంపిన ఇంటిపనులు, మన పిల్లలు ఇక్కడ రాసినవి చదివిద్దాము. మన పిల్లలకు బడిలో తెలుగు లేదు, వారి పిల్లలకు ఇంట్లో తండ్రి లేడు. ఒకరిది ఒకరు వింటే ఇద్దరికీ కొంత పూడుతుంది.

మరుసటి శుక్రవారం మళ్ళీ వెళ్ళి ఆయనకు మా జవాబు చెప్పాము. “అన్నా, విమానం అని రాయడం నేర్చుకొమ్మనండి. బాపు తప్పు కాదు. ఎవరు దిద్దినా అది తప్పు కాదు” అన్నాము. ఆయన అక్కడికక్కడే ఫోను చేశారు. అటునుంచి పిల్ల ఏమన్నదో మాకు వినపడలేదు. ఆయన నవ్వి, “మీరు చెప్పిన్రని నమ్ముతలేదు సార్, రాసియ్యమంటుంది” అన్నారు.

అందుకే రాశాము. ఆయన అనుమతితో, పేర్లు తీసివేసి, ఆ ఉత్తరాన్ని వచ్చే సంచికలో అచ్చం ఆ పిల్ల రాసినట్టే వేస్తున్నాము. ఆరుచోట్లా బాపు ఉంటాడు.